డాష్‌బోర్డ్ మీద బత్తీలన్నీ ఎలిగితె.. ముందుగాల చిన్న బ్యాటరీ చూడుండ్రి

పాత హైబ్రిడ్ కారు నడిపెటోళ్లకు ఒక భయం ఎప్పుడు వెంటనే ఉంటది. ఒకనాడు పొద్దుగాల బటన్ ఒత్తంగనే డాష్‌బోర్డ్ మీద బత్తీలన్నీ ఒక్కపారి ఎలుగుతయ్. ఎర్ర త్రికోణం, ఇంజిన్ బొమ్మ, బ్రేకు బొమ్మ, స్టీరింగ్ బొమ్మ.. ఒక్కటి మిగలది. తెర ఆరుకుంట ఎలుగుకుంట ఉంటది. బండి మాత్రం కదలది. పక్కపొంటి ఎవలో ఒకలు వచ్చి చూసి "హైబ్రిడ్ బ్యాటరీ ఖతమైనట్టుంది, లక్షల్లనే అయితది" అంటరు. ఇగ ఓనర్ గుండెల రాయి పడుతది. కొందరు అప్పు చేసి బ్యాటరీ మారుస్తరు. ఇంకొందరు మంచిగున్న బండిని అడ్డికి పావుశేరు లెక్క అమ్ముకుంటరు.

గానీ ఇట్ల బత్తీలన్నీ ఒక్కసారి ఎలిగినప్పుడు, శానా సార్లు పోయింది పెద్ద బ్యాటరీ గాదు. ఓ మూలకు కూసున్న 12 వోల్టుల చిన్న బ్యాటరీ. కొన్ని వేలల్ల తేలిపోయే పని. ఈ రెండింటి నడుమ తేడా తెల్వకపోవుడే మన జేబుకు చిల్లు పెడుతున్నది.

మన తొవ్వల మీద తిరిగే హైబ్రిడ్లు ఏవి?

జహీరాబాద్‌కు బండ్ల పని కొత్తగాదు. 1980లల్ల ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు ఈడనే తయారైనయ్. ఎన్కకెల్లి ఆ కంపెనీ మహీంద్రా చేతికి పోయింది. 2013ల ట్రాక్టర్ల ఫ్యాక్టరీ షురువైంది. ఇప్పుడు కరెంటు ఆటోలు గూడ ఈడ తయారైతున్నయ్. ఇంత బండ్ల ఊరైనా, పాత హైబ్రిడ్ కారుకు రోగమొస్తె శానామంది 65వ నంబర్ నేషనల్ హైవే ఎక్కి, నూరు కిలోమీటర్ల అవతలున్న పట్నం తొవ్వనే పడుతరు. బండి కదలకపోతె గుంజుకపోయే కిరాయి అదనం. అందుకే ఇంటికాడ తెలుసుకోగలిగేటియి ఇంటికాడనే తెలుసుకోవాలె.

మన దేశంల హోండా సివిక్ హైబ్రిడ్ 2008ల వచ్చింది. టొయోటా ప్రియస్ 2010ల వచ్చింది. బెంగళూరు దగ్గరి బిడదిల తయారైన క్యామ్రీ హైబ్రిడ్ 2013ల వచ్చింది. ఇవి పెద్దోళ్ల బండ్లు, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌ల మధ్యతరగతి ఇండ్లకు చేరుతున్నయ్. మన పక్కన ఎక్కువ కనవడేటియి మాత్రం వేరే. 2015ల మారుతి సియాజ్, ఎర్టిగా డీజిల్ బండ్లను 'ఎస్‌హెచ్‌వీఎస్' అని బోర్డు పెట్టి అమ్మింది. 2016ల మహీంద్రా స్కార్పియో గూడ 'ఇంటెల్లి-హైబ్రిడ్' అని వచ్చింది. కేంద్రం ఫేమ్ స్కీము కింద ఇట్లాంటి బండ్లకు గూడ రాయితీ ఇచ్చి, 2017ల ఆపేసింది. ఆ రెండు మూడేండ్లల్ల అమ్ముడైన బండ్లే ఇయ్యాల ట్యాక్సీలుగ, పెండ్లి కిరాయిలకు తిరుగుతున్నయ్.

ఈడ ఒక ముచ్చట గట్టిగ గుర్తు పెట్టుకోవాలె. పేరు ఒక్కటే అయినా ఈ బండ్లు రెండు తీర్లు.

మొదటి తీరు అసలు హైబ్రిడ్. ప్రియస్, క్యామ్రీ ఈ జాతివి. వీటిల్ల కరెంటు మోటరే చక్రాలను తిప్పగలుగుతది. దానికి వేరుగ ఒక పెద్ద బ్యాటరీ ఉంటది. 2010ల వచ్చిన ప్రియస్‌ల అది 201.6 వోల్టులు, 2013 క్యామ్రీల 244.8 వోల్టులు. లోపల చిన్న చిన్న నికెల్ సెల్లులు ఒకదాని ఎన్క ఒకటి గొలుసు తీరు కలిపి ఉంటయ్. ఒక్కో సెల్లు 1.2 వోల్టులు. ప్రియస్‌ల 168, క్యామ్రీల 204.

రెండో తీరు పేరుకు హైబ్రిడ్. ఎర్టిగా, సియాజ్ డీజిల్ ఎస్‌హెచ్‌వీఎస్ బండ్లు ఇవే. వీటిల్ల ఇంజినే బండిని గుంజుతది. బెల్టుకు ఉన్న చిన్న మోటర్ జర సాయం చేస్తది, సిగ్నల్ కాడ ఆగిన ఇంజిన్‌ను మళ్ల లేపుతది. వీటిల్ల 200 వోల్టుల బ్యాటరీ అసలు లేనే లేదు. ఉన్నది జర పెద్ద సైజుల 12 వోల్టుల సీసం బ్యాటరీ. 2018ల వచ్చిన పెట్రోల్ సియాజ్‌ల దానికి తోడు చిన్న లిథియం బ్యాటరీ పెట్టిండ్రు, అది గూడ 12 వోల్టులదే.

అంటె డీజిల్ ఎర్టిగా ఓనర్‌తోని ఎవలన్న "నీ హైబ్రిడ్ బ్యాటరీ మార్చాలె, లక్ష రూపాయలు" అంటె, ఆ మనిషికి పనన్న రాదు, నియతన్న లేదు. గంతే.

చిన్న బ్యాటరీకి గింత పవర్ ఎందుకు?

అసలు హైబ్రిడ్‌ల అంత పెద్ద బ్యాటరీ ఉండంగ, 12 వోల్టుల బ్యాటరీ ఏం పని చేస్తదని శానామందికి అనుమానం. ఇంజిన్‌ను తిప్పేది అది గాదు, నిజమే. ఆ పని పెద్ద బ్యాటరీది. గానీ బండిలున్న కంప్యూటర్లు, తెర, తాళాలు, బ్రేకు కంట్రోలు అన్నీ 12 వోల్టుల మీదనే నడుస్తయ్. ఇంకా ముఖ్యం ఏందంటె, పెద్ద బ్యాటరీని బండికి కలిపే రిలేలను మూసేది గూడ ఈ చిన్న బ్యాటరీ కరెంటే. మీటర్ కాడి పెద్ద స్విచ్చును వెయ్యాలంటె చెయ్యి కావాలె గదా, ఆ చెయ్యి ఇదే. చెయ్యిల బలం లేకుంటె ఇంటికి ఎంత కరెంటు వస్తె ఏం ఫాయిదా?

చిన్న బ్యాటరీ నీరసపడితె కంప్యూటర్లకు సరిపోయే కరెంటు అందదు. ఒకదాని మాట ఒకదానికి ఇనవడదు. "బ్రేకు సిస్టం జవాబిస్తలేదు, స్టీరింగ్ జవాబిస్తలేదు" అని ప్రతి ఒక్కటి ఫిర్యాదు పెడుతది. అందుకే బత్తీలన్నీ ఒక్కసారి ఎలుగుతయ్. నిజంగ అన్నీ ఒక్కనాడే ఖరాబు గావు. ఒక్కదాని ఆకలిని పదిమంది చెప్తున్నట్టు లెక్క.

ఈ బండ్లల్ల ఆల్టర్నేటర్ ఉండది. తెర మీద 'రెడీ' అని వచ్చినప్పుడే పెద్ద బ్యాటరీకెల్లి ఒక కన్వర్టర్ ద్వారా చిన్న బ్యాటరీకి చార్జింగ్ ఎక్కుతది. బటన్ ఒత్తి, బ్రేకు తొక్కకుంట, పాటలు పెట్టుకొని కూసుంటె 'రెడీ' రాదు, చార్జింగ్ ఎక్కది. పెండ్లి కాడ రెండు గంటలు గట్ల పాటలు మోగించి, తెల్లారి బండి లేస్తలేదంటె తప్పు పెద్ద బ్యాటరీది గాదు. పండుగకు ఊరికి పోయి రెండు మూడు వారాలు బండిని ముట్టకున్నా గిదే కథ.

నాలుగు కొలతలు

చిన్న మల్టీమీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతది. దాంతోని చేసే పని గిది.

ఒకటి, బండి ఆపి కొన్ని గంటలు వదిలినంక 12 వోల్టుల బ్యాటరీ మీద కొలవాలె. 12.6 దగ్గర ఉంటె నిండుగున్నట్టు. 12.2 దగ్గర ఉంటె సగం. 12కు దిగితె ఖాళీ అయినట్టే లెక్క.

రెండు, బటన్ ఒత్తి, మీటర్‌ను అట్లనే చూస్తుండాలె. తలుపు తీసినా, బటన్ ఒత్తినా వోల్టులు ధబ్బున 11 కిందికి పడితె ఆ బ్యాటరీ ముసలిదైంది.

మూడు, అసలు హైబ్రిడ్‌ల 'రెడీ' వచ్చినంక మళ్ల కొలవాలె. 13.8 నుంచి 14.4 నడుమ ఉంటె కన్వర్టర్ మంచిగ చార్జ్ చేస్తున్నట్టు. 'రెడీ'ల గూడ 12 కాడనే ఆగితె బ్యాటరీ మార్చుడు వేస్టు. కన్వర్టరో, దాని ఫ్యూజో, వైరో చూడాలె. ఎర్టిగా అసొంటి బండ్లల్ల చార్జింగ్ కావాలని ఎక్కువ తక్కువ చేస్తది కాబట్టి, ఈ మూడో లెక్క సూటిగ పట్టది.

నాలుగు, కొలతలు మంచిగనే ఉండి బత్తీలు ఎలుగుతుంటె టెర్మినళ్లు చూడాలె. తెల్లగ, పచ్చగ పొక్కు పట్టిందా? క్లాంపు చేతితోని తిప్పితె తిరుగుతున్నదా? బాడీకి బిగించిన ఎర్తు వైరు వదులైందా? వానకాలంల గిది మామూలు ముచ్చట.

చిన్న బ్యాటరీ యాడుంటదో గూడ తెల్సుండాలె. ప్రియస్, క్యామ్రీలల్ల డిక్కీల ఉంటది. అది పూరాగ దిగితె డిక్కీ గూడ తెరుసుకోదు. అప్పుడు రిమోట్ లోపలున్న ఇనుప తాళపుచెవితోని డోర్ తీసి, ప్రియస్‌ల అయితె బోనెట్ కింద ఫ్యూజు డబ్బల ఉన్న ప్లస్ టెర్మినల్ నుంచి కరెంటు ఇయ్యాలె. డిక్కీల పెట్టే బ్యాటరీ 'ఏజీఎం' రకమై ఉండాలె, గ్యాసు బయటికి పోయే పైపు పెట్టాలె. అగ్గువకు దొరికిందని మామూలు బ్యాటరీ కూసోవెడితె దాని గ్యాసు మనుషులు కూసునే కాడికే వస్తది. ఎర్టిగా, సియాజ్‌లకు గూడ కంపెనీ చెప్పిన రకమే వెయ్యాలె. సిగ్నల్ సిగ్నల్‌కు ఇంజిన్ ఆగి లేసే బండిల మామూలు బ్యాటరీ ఎక్కువ రోజులు ఓపదు.

తెర మోసం చేస్తె

అన్ని డిస్‌ప్లే రోగాలు బ్యాటరీవి గావు. తెర ఎట్ల ఖరాబైందో చూసి కారణం పట్టొచ్చు.

బండి లేపినప్పుడల్లా గడియారం సున్నాకు పోతున్నది, రేడియో సెట్టింగులు పోతున్నయ్, తెర ఆగి మళ్ల షురువైతున్నది అంటె అది చిన్న బ్యాటరీయో, వదులైన టెర్మినలో.

బండి మంచిగ నడుస్తున్నది గానీ పగటిపూట స్పీడు అంకెలు కనవడ్తలేవంటె, ముందుగాల వెలుతురు తగ్గించే బటన్ చూడుండ్రి. ఎవలో తిప్పి ఉంటరు. శానా బండ్లల్ల హెడ్‌లైట్లు వేస్తె తెర వెలుతురు తనంతల తనే తగ్గుతది.

బండి నడుస్తుండంగనే మీటర్ పూరాగ నల్లగైతున్నది, కాసేపటికి మళ్ల వస్తున్నదంటె మీటర్ లోపలి బోర్డు మీద అనుమానం. అమెరికాల మన పిల్లగాండ్లు అగ్గువకు కొనుక్కునే 2004 నుంచి 2009 నాటి ప్రియస్‌లల్ల గిది అందరికి తెలిసిన రోగం. తెర ఆరిపోతది, కొన్నిసార్లు బండి బంద్ గూడ కాదు. బోర్డు రిపేరు చేసెటోళ్లు ఉన్నరు, మీటర్ మొత్తం కొనాల్సిన పని లేదు. అయితె స్పీడు కనవడని బండిని రోడ్డు మీదికి తేవద్దు.

నడిమిట్ల ఉండే పాటల తెర ఒక్కటే పోతె దానికి బండి నడకతోని సంబంధం లేదు. ఫ్యూజు, ఎన్క వైరు సాకెట్టు చూపించుకోవాలె. ఎండకు నిలవెట్టిన బండిల తెరలు తొందరగ పోతయ్, జహీరాబాద్ ఎండలకు చెప్పే పనే లేదు.

ఎర్టిగా ఓనర్లు ఎక్కువ అడిగేది ఇంకోటి: "సిగ్నల్ కాడ ఇంజిన్ బంద్ అయితలేదు, హైబ్రిడ్ పోయిందా?" ఏసీకి ఎక్కువ పని పడినా, సీటుబెల్టు పెట్టకున్నా, బ్యాటరీ నిండకున్నా ఇంజిన్ కావాలనే బంద్ కాదు. అది రోగం గాదు. అయితె అన్నీ సరిగుండి గూడ నెలల తరబడి బంద్ కాకపోతె, బ్యాటరీ ముసలిదైతున్నదని మొదటి సూచన.

నిజంగ పెద్ద బ్యాటరీ పోతె ఎట్ల తెలుస్తది?

అది ఒక్కనాడు పోదు. ముందుగాల్నే చెప్పుకుంట వస్తది. తెర మీద బ్యాటరీ గీతలు నిమిషాల మీద నిండుతయ్, అట్లనే నిమిషాల మీద ఖాళీ అయితయ్. మైలేజీ పడిపోతది. ఆగి ఉన్నప్పుడు గూడ ఇంజిన్ మాటిమాటికి లేస్తది. ఎనుక సీటు కాడ ఫ్యాను గట్టిగ ఒర్రుతది. ఆఖరుకు 'చెక్ హైబ్రిడ్ సిస్టమ్' అని వస్తది. స్కానర్ పెడితె టొయోటా బండ్లల్ల 'పి0ఏ80' అనే కోడ్ కనవడుతది. పెద్ద బ్యాటరీ మార్చాలె అని దాని అర్థం.

ఆ కోడ్ వచ్చినా ఆగాలె. ఆ బ్యాటరీని కంప్యూటర్ బ్లాకులుగ చూస్తది. ప్రియస్‌ల 14, క్యామ్రీల 17. స్కానర్‌ల ఒక్కో బ్లాకు వోల్టులు కనవడుతయ్. అన్నీ ఇంచుమించు ఒక్క తీరు ఉండాలె. బండి మీద బరువు పడ్డప్పుడు ఒక్కటే వోల్టు దాక కిందికి పడితె ఆ బ్లాకు అలిసిపోయినట్టు. కొన్నిసార్లు సెల్లులు మంచిగనే ఉండి, వాటిని కలిపే రాగి పట్టీలు పచ్చగ పొక్కు పట్టి తప్పుడు లెక్క చూపెడుతయ్. శుభ్రం చేస్తె సరిపోతది.

చెడిన ఒక్క మాడ్యూల్ మార్చుడు అగ్గువ పని. గానీ అది కొత్త ఎద్దును ముసలి ఎద్దుతోని కాడికి కట్టినట్టు. మిగతావి గూడ అదే వయసువి కాబట్టి కొన్ని నెలలకు ఇంకోటి పడుతది. బండిని ఇంకా నాలుగేండ్లు వాడాలనుకుంటె పూరాగ మార్చుడే లెక్కకు వస్తది. 15 ఏండ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటది. బండి ఆ వయసుకు దగ్గర పడిందా లేదా చూసుకొనే ఖర్చు పెట్టాలె.

పెద్ద బ్యాటరీని తొందరగ చంపేది వేడి. దానికి గాలి ఇచ్చే జాలీ ఎనుక సీటు దగ్గర్లనే ఉంటది. మన కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్ తొవ్వల ఎర్రదుబ్బ అండ్ల చేరి మందంగ పేరుకుంటది. దాని మీద అల్లం బస్తానో, బట్టల మూటనో పెడితె గాలి బంద్. ఆ జాలీని ఏడాదికి రెండుసార్లన్న దులపాలె, ఫ్యానును మెకానిక్‌తోని శుభ్రం చేయించాలె. ట్రాఫిక్‌ల ఆగినప్పుడు గేరు న్యూట్రల్‌ల పెట్టుడు గూడ తప్పే. అసలు హైబ్రిడ్‌ల న్యూట్రల్‌ల ఉన్నంతసేపు పెద్ద బ్యాటరీకి చార్జింగ్ ఎక్కది, ఏసీ మాత్రం దాన్ని తాగుతనే ఉంటది. పటాన్‌చెరు జామ్‌ల ఇరుక్కుంటె 'పార్కింగ్'ల పెట్టుండ్రి.

గివి మాత్రం చెయ్యొద్దు

హైవే మీద బండి ఆగితె లారీ డ్రైవరన్నలు సాయానికి వస్తరు. మనసు మంచిదే. గానీ లారీ కరెంటు 24 వోల్టులు. దాన్ని కారుకు కలిపితె కంప్యూటర్లు మాడిపోతయ్. 12 వోల్టుల కారు నుంచే కరెంటు తీసుకోవాలె. ప్లస్, మైనస్ తారుమారైతె వేలల్ల తేలే పని లక్షలకు పోతది. మీ హైబ్రిడ్ నుంచి వేరే బండికి కరెంటు ఇచ్చుడు గూడ మంచిది గాదు.

నారింజ రంగు వైరు కనవడితె చెయ్యి పెట్టొద్దు. అండ్ల 200 వోల్టులకు మించిన డీసీ కరెంటు ఉంటది. ప్రాణం తీస్తది. బండి బంద్ చేసి, సర్వీస్ ప్లగ్ గుంజినంక గూడ లోపల కరెంటు దిగనీకె కనీసం 10 నిమిషాలు ఆగాలె. 1000 వోల్టులకు తట్టుకునే రబ్బరు తొడుగులు లేని మెకానిక్ ఆ డబ్బ ఇప్పుతా అంటె ఒప్పుకోవద్దు. ఆయినె పానం గూడ మన పానం అసొంటిదే.

సెకండ్ హ్యాండ్‌ల కొనెటోళ్లకు ఒక్క మాట. బటన్ ఒత్తంగనే హెచ్చరిక బత్తీలన్నీ ఒక్క క్షణం ఎలిగి ఆరాలె. ఏదన్న అసలు ఎలగనే లేదంటె దాన్ని పీకేసిండ్రేమో చూడాలె. అమ్మే ముందు బ్యాటరీ వైరు పీకి కోడ్లు చెరిపెటోళ్లు ఉన్నరు. అందుకే కనీసం అర్ధగంట నడిపి, ఆ తర్వాతనే స్కానర్ పెట్టించుండ్రి.

ఎవల బాధ్యత ఎంత?

ఇప్పుడొస్తున్న టొయోటా, మారుతి అసలు హైబ్రిడ్లకు పెద్ద బ్యాటరీ మీద 8 ఏండ్లు లేకుంటె 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉన్నది. పాత బండ్లకు ఆ ధైర్యం లేదు. వాటి ఓనర్లే మోసపోతున్నరు. అందుకే ఏ షెడ్డు కాడికి పోయినా ఒక్కటి అడగాలె: "కోడ్ ఏమొచ్చింది? చెరిపే ముందు కాయితం మీద రాసియ్యి." కొలత చెప్పకుంట, కోడ్ రాయకుంట పెద్ద బ్యాటరీ మార్చాలె అంటె ఇంకో కాడ చూపించుకోవాలె. బిల్లు తీసుకోవాలె. అన్యాలం జరిగితె 1915 నంబర్‌కు ఫోన్ చెయ్యొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. మన వస్తువును రిపేరు చేసుకునే హక్కు కోసమని కేంద్రం 2022 డిసెంబర్‌ల ఒక పోర్టల్ పెట్టింది, అండ్ల బండ్లు గూడ ఉన్నయ్. కంపెనీలు మాడ్యూళ్లు, రిపేరు పుస్తకాలు బయటి మెకానిక్‌లకు అందేటట్టు చేస్తెనే ఆ హక్కుకు అర్థం.

పాత బ్యాటరీని పాత ఇనుపసామాన్లోళ్లకు అమ్ముడు గూడ ఆగాలె. 2022ల వచ్చిన బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం వాడి పడేసిన బ్యాటరీలను వాపస్ తీసుకునే బాధ్యత తయారు చేసినోళ్లదే. కొత్తది కొనేటప్పుడే పాతది అప్పజెప్పి రాయించుకోవాలె.

సర్కారు మీద గూడ ఒక పని ఉన్నది. రాష్ట్రంల 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగ మార్చుడు మొదలువెట్టిండ్రు. అండ్ల కొత్త కరెంటు బండ్ల పనితోని పాటు ఈ పాత హైబ్రిడ్ల రిపేరు గూడ నేర్పాలె. ఊర్ల ఏండ్ల సంది రోడ్డు పక్కన షెడ్డు పెట్టుకున్న మెకానిక్‌లకు నాలుగు దినాల ట్రైనింగ్, రబ్బరు తొడుగులు, ఒక స్కానర్ ఇస్తె పెద్ద ఖర్చేం కాదు. కరెంటు ఆటోలు తయారు చేసే జహీరాబాద్‌ల గిది షురూ చేస్తె ఇంకా మంచిది. రేపు ఆ ఆటోలు గూడ పాతబడుతయ్. అప్పుడు గూడ తెర మీద బత్తీలు ఎలుగుతయ్, అప్పుడు గూడ ఎవలో ఒకలు లక్షలంటరు. మీటర్ పెట్టి చూసేటోడు ఊర్లనే ఉంటె, బండి మీద బతికే కుటుంబానికి ఆ లక్షలు మిగులుతయ్.